ముందు ఊదండి, తర్వాత చూద్దాం

గద్వాలలోనో నాగర్‌కర్నూలులోనో ఎవరింటి అటక మీదనో తొంభైల నాటి వీడియో గేమ్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసిందా? పరీక్షలు పెట్టుకోకండి. "ఒరిజినల్ జపాన్ మాల్ అన్నా" అని అమ్మేవాడు అన్నాడంటే అదే గ్యారంటీ కార్డు. పెట్టె మీద టెర్మినేటర్ బొమ్మ ఉందా? ఇంకేం, హాలీవుడ్ వాళ్లు కూడా ఓ చేయి వేశారన్నమాట.

గద్వాల చీర కొనేటప్పుడు తిరగేసి, నూలు ఒంటికి పట్టంచు ఎట్లా కలిపారో చూస్తారే, ఆ చాదస్తం ఇక్కడ వద్దు. నింటెండో 1983లో జపాన్‌లో ఫ్యామికామ్‌ను దింపిందనీ, దాన్ని చూసి తైవాన్, చైనాల్లో లెక్కలేనన్ని నకళ్లు పుట్టాయనీ, మన ఇళ్లకు చేరినవి చాలావరకు అవేననీ తెలిసినవాళ్లు చెబుతారు. నాలుగు మరలు విప్పితే తేలిపోతుందట. అసలుదానిలో కాళ్లున్న చిప్పులు విడివిడిగా కనిపిస్తాయి. నకళ్లలో చాలావాటికి బోర్డు నడుమ నల్లటి ముద్ద ఒకటి అతికించి ఉంటుంది. అందుకే విప్పకండి. విప్పితే నిజం తెలుస్తుంది, నిజం తెలిస్తే రేటు పడిపోతుంది.

క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉంటే 9999 ఉన్నట్టే. ఒక నంబరు నొక్కితే మారియో మొదటి నుంచి, ఇంకో నంబరు నొక్కితే మధ్యలోంచి మొదలైతే అవి రెండు వేర్వేరు ఆటలు. ఇచ్చిన డబ్బును 9999తో భాగించి చూసుకోండి, ఇంత చవక బేరం అంగట్లో కూడా దొరకదు.

ఇక అడాప్టర్. మెషీన్‌తో వచ్చినది ఎప్పుడో పోయి ఉంటుంది, పోనివ్వండి. వైఫై డబ్బాకు వచ్చిన 12 వోల్టులది ఇంట్లో ఉందిగా, పిన్ను దూరితే అదే సరైనది. ఫ్యామికామ్‌కు పిన్ను నడుమ నెగెటివ్, ఈ కాలం అడాప్టర్లలో చాలావాటికి పాజిటివ్, నకళ్లలో ఒక్కోదానిది ఒక్కో తీరు, కాబట్టి మెషీన్ అడుగున అచ్చేసిన గుర్తు చూడమంటారు. అంత చిన్న గుర్తు చదవాలంటే కళ్లజోడు వెతకాలి, ఎవరికి ఓపిక? లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ ఉంటుంది. వచ్చిన వోల్టేజీని 5కి దించి, మిగిలినదంతా వేడిగా వదిలేస్తుంది. 9 ఇస్తే 4 వోల్టులు, 12 ఇస్తే 7 వోల్టులు వేడికే పోతాయి. మంచిదే, చలికాలం చేతులు కాచుకోవచ్చు. దానికి బిగించిన అల్యూమినియం రేకు గలగలమంటుంటే పీకేయండి. పొగ వచ్చిందంటే కరెంటు బాగా అందుతున్నట్టు లెక్క. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివిన పిల్లవాడెవరైనా మల్టీమీటర్ పట్టుకుని వస్తే చాయ్ తాగించి పంపేయండి. కోఠి గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకు దొరికే ఆ రెగ్యులేటర్ మార్చి మెషీన్ నడిపించేస్తాడు, మీకిక చేయడానికి ఏం మిగులుతుంది?

తెర మీద గళ్లు గళ్లుగా చెత్త వస్తోందా? క్యాసెట్ తీసి ఊదండి. ఊపిరిలోని తడికి పిన్నులు పాడవుతాయి, ఊదొద్దని నింటెండోనే చెప్పింది. పని చేసేది ఊదడం కాదు, తీసి మళ్లీ గుచ్చడమని కొందరి వాదన. అయినా బడి ఎగ్గొట్టి నేర్చిన విద్యను వదులుకుంటామా? అప్పటికీ రాకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది అంటూ మెడికల్ షాపు చుట్టూ తిరక్కుండా గరుకు కాగితంతో గట్టిగా రుద్దండి. పూత మొత్తం పోయాక లోపలి రాగి తళతళలాడుతుంది, కొన్నాళ్లు.

తెల్లటి ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగి ఉంటే మిద్దె మీద పాలమూరు ఎండకు పడేయండి. వంకర పోయాక రంగు సంగతి ఎవరూ అడగరు.

బాతుల ఆటలో గన్‌తో ఎంత కాల్చినా ఎల్‌ఈడీ టీవీలో బాతు చావదు. ఆ గన్ పాత డబ్బా టీవీ తెర వెలిగే తీరును నమ్ముకుని పనిచేస్తుంది. మీరు మాత్రం తప్పు గన్‌దేనని తేల్చి దాన్ని పారేసి, మూలనున్న డబ్బా టీవీని పాత సామాన్ల బండికి ఉల్లిగడ్డల కింద ఇచ్చేయండి.

బేరం కుదిరాక అమ్మేవాడు ప్లేస్టేషన్ 2 డిస్కు ఒకటి కొసరుగా ఇవ్వబోవచ్చు. పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసిన ఆట, పూర్తిగా మన దేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా ప్రచారం పొందింది. బస్సెక్కితే వచ్చే ఊళ్లో చేసినదానికి ఏం విలువ ఉంటుంది? వద్దనేసి, బదులుగా వైరు తెగిన రిమోట్ ఒకటి అడిగి తెచ్చుకోండి.