గుంటడి బంతి: టీకా తాత్పర్య సహితం

మూలం
"మీ గుంటడు బంతితో మా ఆటో అద్దం పగలగొట్టేసేడండి. మరి చూసుకోండి."

అవతారిక
నక్కపల్లిలో హైవేకి ఇవతల వీధి. రెండో శనివారం, బడికి సెలవు, ఉపమాక వెంకన్న గుడికి బేరాలు. ఆటో యజమాని భోజనానికి వచ్చి బండిని ఇంటి ముందు నీడన పెట్టాడు. సిక్సరు కొట్టిన బాలుడు అప్పటికే పెరటి దారిన అంతర్ధానమయ్యాడు. అతని తండ్రి గుమ్మం ముందు ఆటో యజమాని పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం
మీ గుంటడు = మార్కులు బాగా వచ్చినప్పుడు "మన గుంటడు" అనిపించుకున్న ఆ బాలుడే; బంతితో = రబ్బరు బంతితో కాదు, కార్కు బంతితో; మా ఆటో = ఫైనాన్సు వాయిదాలు ఇంకా తీరని ఆటో యొక్క; అద్దం = ముందరి అద్దాన్ని; పగలగొట్టేసేడు = దానంతట అది పగల్లేదు; అండి = తగువు ఇంకా మొదలవలేదు; మరి చూసుకోండి = డబ్బు మాట నా నోట రానివ్వకండి.

టీక
ఇక్కడ తండ్రి వెంటనే చట్టాన్ని ఆశ్రయిస్తే మూలకారుడికి కష్టమే. భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు బిడ్డ చేసిందేదీ నేరం కాదు. 21వ సెక్షన్ ప్రకారం పన్నెండేళ్లలోపు వాడికి తాను చేసేదేమిటో తెలిసేంత పరిపక్వత లేకపోతే వాడిదీ నేరం కాదు. అదంతా శిక్ష సంగతి. నష్టపరిహారం మాటకొస్తే, కన్నంత మాత్రాన తండ్రి బాధ్యుడు కాడన్నది ఇంగ్లీషు న్యాయం నుంచి మనకొచ్చిన సూత్రం. తండ్రి అజాగ్రత్త కూడా రుజువు కావాలి. దావా పిల్లవాడి మీదే వేయవచ్చు; డిక్రీ వస్తే కిడ్డీ బ్యాంకు జప్తు చేసుకోవాలి.

అదే గుంటడు బంతి వదిలి నాన్న మోటారు సైకిలెక్కి హైవే మీదికి వెళ్లి నేరం చేశాడా, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ కింద తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. తాళం తనకు తెలియకుండా తీశాడని తండ్రే నిరూపించుకోవాలి. బ్యాటుకి తాళం లేదు గనక ఈ సెక్షన్ ఇక్కడ అన్వయించదు.

"ఇన్సూరెన్సు ఉంటుందిగా" అని కొందరు వ్యాఖ్యాతలు. వారు ఆటో నడిపినవారు కారు. థర్డ్ పార్టీ మాత్రమే కట్టినవాడికి సొంత అద్దం మీద పైసా రాదు. జర్మనీలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఇలాంటి నష్టాలకని కుటుంబం మొత్తానికి విడిగా బీమా తీసుకుంటారు. అక్కడా ఏడేళ్లలోపు పిల్లవాడు బాధ్యుడు కాడు; సరిగా కనిపెట్టుకుని ఉన్న తండ్రీ కాడు.

పూర్వపక్షం
శాస్త్రం తెలిసిన తండ్రి యాజ్ఞవల్క్యుణ్ణి తెస్తాడు. ఆయన స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. దాన్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలిగానీ, కొడుకు చేసిన అప్పు తండ్రి తీర్చనక్కర్లేదు, కుటుంబం కోసం చేసినదైతే తప్ప, అని అందులో ధర్మం. కరివేపాకు తేవడానికి పరుగెత్తుతూ పగలగొట్టి ఉంటే కుటుంబార్థం. సిక్సరు ఎవరి కుటుంబానికి? (కొడుకు పుణ్యకర్తవ్యంగా తండ్రి అప్పు తీర్చాలన్న నియమాన్ని 2005లో పార్లమెంటు తీసేసింది. ఇప్పుడు రెండు వైపులా సెలవే.)

సిద్ధాంతం
ఇది నిలవదు. అప్పు ఇచ్చేవాడు ఆలోచించుకుని ఇస్తాడు. ఆటోవాడు అద్దం ఎవరికీ అప్పివ్వలేదు. పైగా కార్కు బంతి కొనిచ్చింది ఎవరు? ఇళ్ల మధ్య ఆడుతుంటే అరుగు మీద కూర్చుని "షాట్!" అన్నది ఎవరు? అజాగ్రత్తకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాబట్టి తండ్రే ఇవ్వాలి. అద్దం ఖరీదు, బిగింపు కూలి, అద్దం వచ్చేదాకా పోయిన బేరం కూడా. ఈ మూడోది తండ్రులందరూ మరిచిపోతారు, ఆటోవాడు అడగడానికి మొహమాటపడతాడు. "మిగతా గుంటలు కూడా ఆడేరు కదండి, తలా కొంత వేసుకుందాం" అనే పాఠాంతరం వెనక వీధిలో ప్రచారంలో ఉంది. ఆ వసూలు సంక్రాంతికి మొదలై ఉగాదికీ తెమలదు. కనక గ్రాహ్యం కాదు.

తాత్పర్యం
"ఎంతయిందండి?" అని తండ్రి ముందుగా అంటే ఆటోవాడు కొంత తగ్గిస్తాడు. "మావాడేనని గ్యారంటీ ఏటి?" అంటే పెద్దమనుషులు రావాలి, వాళ్లకి టీలు కావాలి.

విశేషం
బంతి తరవాత ఏమైందో మూలంలో లేదు. అది ఆటో వెనక సీటు కింద దొరికింది, యజమాని ఇంట్లో ఉంది. అంటే తాకట్టు. డబ్బు ముట్టగానే తిరిగి ఇచ్చేయాలి. భద్రంగా దాచమన్న తాకట్టును వాడుకుంటే వడ్డీ పోతుందని కూడా యాజ్ఞవల్క్యుడే చెప్పాడు. ఆటోవాడి గుంటడు ఆ సాయంత్రమే దాంతో బౌలింగు చేస్తూ కనిపించాడు గనక, వడ్డీ అడగడానికి లేదు.