కదిలే కొండకు మొక్కలు మోసిన కుండీని

నేను నల్ల ప్లాస్టిక్ కుండీని. నర్సరీ లెక్కలో గాలన్ సైజు. పేరుకే గాలన్, పట్టేది మూడు లీటర్లకు తక్కువే. నీ బతుక్కి ఆత్మకథ ఒకటా అని మీరు అనవచ్చు. నా కడుపులో పెరిగినవి ఎక్కడ కాపురం పెట్టాయో వింటే ఆ మాట అనరు.

మాది అమెరికాలో లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన, సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన పాలోస్ వెర్డెస్ ద్వీపకల్పం. అక్కడ పోర్చుగీస్ బెండ్ అని ఒక వాలు ఉంది. ఎన్నో వేల ఏళ్ళ కిందటే ఒకసారి జారి, కునుకు తీస్తున్న నేల అది. 1956లో దాన్ని లేపారు. క్రెన్‌షా బులెవార్డ్ అనే రోడ్డును పొడిగిస్తూ వాలు పైభాగాన మట్టి పోశారు. కొండ కదిలింది, సుమారు 140 ఇళ్ళు పోయాయి. ఆనాటి నుంచి అది పూర్తిగా ఆగిందే లేదు. ఏనాటిదో అగ్నిపర్వతపు బూడిద లోపల బెంటొనైట్ అనే బంకమన్ను పొరగా మారి ఉంది. తడిస్తే అది సబ్బే. పైనున్న రాళ్ళూ మన్నూ కలిసి దాని మీదుగా సముద్రం వైపు జారుతుంటాయి. అక్కడ మురుగు పైపులను కూడా భూమిలో పాతిపెట్టరు, పైనే పరుస్తారు.

అలాంటి చోట మొక్కలు నాటడం దేనికి? వేళ్ళు కొండను పట్టి ఆపుతాయని చాలామంది అనుకుంటారు. నన్ను మోసుకెళ్ళే వలంటీర్ల నోటా ఆ మాట విన్నాను. ఆపవండీ. జారే పొర ఎన్నో మీటర్ల లోతున ఉంటుంది, నా బిడ్డల వేళ్ళు అంత కిందికి పోవు. వానకు పై మన్ను కొట్టుకుపోకుండా పట్టుకోగలవు, అంతవరకే.

అసలు గొడవ వేరు. నేల చీలి పచ్చి మన్ను బయటపడగానే అందరికన్నా ముందు వచ్చి తిష్ఠ వేసేది నల్ల ఆవ. మీ పోపులపెట్టెలో ఉండే ఆవాలకు చుట్టమే. సముద్రాలు దాటి వచ్చి, ఇక్కడ మనిషెత్తు పెరుగుతుంది. వసంతంలో కొండంతా పసుపచ్చగా పూస్తే జనం ఫొటోలు దిగుతారు. ఎండలు ముదిరేసరికి అదంతా ఎండుపుల్లలై నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. ఆ పూలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాటి మధ్య నాట్‌క్యాచర్ గూడు కట్టుకోలేదు.

కాలిఫోర్నియా నాట్‌క్యాచర్ ఆరు గ్రాముల బూడిదరంగు పిట్ట. కూత వింటే ఎక్కడో పిల్లికూన ఉందని వెతుక్కుంటారు. వలస పోదు, ఏడాది పొడుగునా ఈ వాలుల మీదే పురుగులు ఏరుకుంటుంది. దానికి కావలసింది నడుమెత్తు పొదలు: సేజ్‌బ్రష్, బక్‌వీట్, ఎన్సీలియా. అవి పెరిగే తీరమంటేనే మనుషులకూ మోజు. ఇళ్ళు పెరిగాయి, పిట్ట తగ్గింది. 1993లో దాన్ని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. పాలోస్ వెర్డెస్ బ్లూ అనే సీతాకోకచిలుక కథ ఇంకా విడ్డూరం. 1983 తర్వాత కనబడకపోతే ఇక లేదనుకున్నారు. 1994లో రూడీ మాటోని అనే పరిశోధకుడికి అది శాన్ పెడ్రోలోని సైనిక ఇంధన డిపోలో దొరికింది. దాని గొంగళిపురుగు తినేది రెండే రకాల మొక్కలు. ఒకటి లోకోవీడ్, రెండోది డీర్‌వీడ్. నాలో డీర్‌వీడ్ నాటిన ఏడు నా దర్జా చూడాలి!

దాని విత్తనం మొండిది. పైతొక్క గట్టి, వేడినీళ్ళు పోస్తే గాని త్వరగా మొలవదు. విత్తనాలు బజారులో కొనరు, ఇక్కడి కొండల మీదే ఏరుతారు, అదీ ఏ పొదనూ ఊడ్చెయ్యకుండా. తొలివాన పడ్డాక నాట్లు. గుంత తవ్వి, నీళ్ళు పోసి ఇంకనిచ్చి, నన్ను బోర్లించి అడుగున నాలుగు దెబ్బలు వేస్తారు. మొక్క మన్నుముద్దతో సహా జారి వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోతుంది. నేను తోటి కుండీలతో ఒకదానిలో ఒకటిగా దూరి వెనక్కి.

వెనక్కి వచ్చాక స్నానం. ఇది మడీ ఆచారం కాదు. 2012లో మాంటెరీ కౌంటీలోని ఒక నర్సరీలో ఫైటాఫ్తొరా టెంటాక్యులాటా అనే వేరుకుళ్ళు తెగులు అమెరికాలో మొదటిసారి బయటపడింది. కోనసీమ కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెచ్చేదీ ఆ వంశందే. కొండను బాగుచేద్దామని వెళ్ళి రోగం అంటించి వస్తే ఇంకేముంది? అందుకే మమ్మల్ని తోమి, వేడినీళ్ళలో ముంచి, నేలకు తగలకుండా బల్లల మీద పెడతారు. ప్లాస్టిక్‌కు అది సుఖం కాదు, అయినా సబబే.

జారే వాలు మీద పెద్ద చిక్కు నీళ్ళతోనే. లేత మొక్కకు తొలి వేసవిలో నీళ్ళు కావాలి. నెర్రెల్లోకి దిగిన నీరేమో ఆ బంకమన్నును చేరి కొండను ఇంకా తొందరపెడుతుంది. అందుకని చిన్న పాదు, కొద్దిగా నీరు, మిగతాది వాన దయ. పైగా సేజ్‌బ్రష్ వేసవిలో ఆకు రాల్చి పుల్లలా నిలబడుతుంది. చచ్చిందనుకుని కొత్తవాళ్ళు పీకబోతారు. “ఆగండి, ఒక పుల్ల నలిపి వాసన చూడండి” అంటుంది మా నర్సరీ పెద్దావిడ. వాసన గుప్పుమంటే, దాని జోలికి వెళ్ళరు.

2023, 2024 చలికాలాల్లో వానలు దంచికొట్టాయి. కొండ వేగం పెంచింది. లాయిడ్ రైట్ కట్టిన గాజు చర్చి, వేఫేరర్స్ చాపెల్‌ను 2024 ఫిబ్రవరిలో మూసేసి, ఆ తర్వాత విడదీశారు. ఆ శరదృతువులో నాసా విమానం నుంచి రాడార్‌తో కొలిస్తే నేల వారానికి 10 సెంటీమీటర్ల దాకా కదులుతోంది. ఇళ్ళకు కరెంటు పోయింది, కాలిదారులు మూతబడ్డాయి. పెట్టిన మొక్కలన్నీ వృథా అన్నారు. నాకలా అనిపించదు. నేల పలకలుగా జారుతుంది, పొద దాని మీద కూర్చుని ప్రయాణం చేస్తుంది. పునాది విరిగితే ఇల్లు పోతుంది. పొదకు పునాది ఎక్కడిది? సరిగ్గా నెర్రె మీద పడ్డవే తెగుతాయి. తెగిన చోట మళ్ళీ పచ్చి మన్ను, మళ్ళీ ఆవ.

ఈసారి నాలో ఉన్నది డీర్‌వీడ్. విత్తనం పోర్చుగీస్ బెండ్‌దే, దారి లేక అక్కడికి పోయే వీల్లేదు. వాన పడగానే పక్క వాలుకి తీసుకెళ్దామని మొన్న బల్ల దగ్గర తేల్చారు. “మరి అక్కడి ఆవ ఎవరు పీకుతారు?” అని ఒక కుర్రాడు అడిగాడు. ఎవరూ పలకలేదు. పెద్దావిడ మాత్రం చేతితొడుగుల పెట్టె తీసి వాడి ముందు పెట్టింది.