శ్రీమజ్జాబుకార్డు: సటీకా తాత్పర్యము

మూలము: ‘ఫ్రంట్ బ్రేక్ నాయిస్ అబ్జర్వ్‌డ్. ప్యాడ్స్ అండ్ డిస్క్స్ రీప్లేస్‌మెంట్ అడ్వైజ్‌డ్. కస్టమర్ నాట్ విల్లింగ్.’

అవతారిక: మూడు వాక్యాల ఈ లఘుగ్రంథం హైదరాబాదులోని ఒకానొక కార్ల సర్వీస్ సెంటర్‌లో, వర్షర్తువున, ఏసీ గదిలో అవతరించింది. కర్త సర్వీస్ అడ్వైజర్. ఆయన నామధేయం సంతకం మెలికల్లో లీనమైపోయింది గనుక విచారించడం అనుచితం. గ్రంథంలో ఛందస్సు లేదు, సరే. క్రియలకు కర్తలు కూడా లేరు. ఎవరు విన్నారో తెలియకుండా వినడమైనది, ఎవరు చెప్పారో తెలియకుండా సలహా ఇవ్వడమైనది. మూడో వాక్యానికి వచ్చేసరికి మాత్రం కర్త నిలువెత్తున ప్రత్యక్షమయ్యాడు: కస్టమరు. నింద మోయడానికి మనిషి కావలసిన చోట వ్యాకరణం కూడా కుదుటపడుతుంది.

ప్రతిపదార్థం: ‘ఫ్రంట్’, ‘బ్రేక్’ అన్నవి పసిపిల్లలకు సైతం తెలిసినవి గనుక వదిలేస్తున్నాం. ‘నాయిస్’ దగ్గర బండి ఆపక తప్పదు.

కౌంటరు ముందు నిలబడి కారు యజమాని చెప్పింది ఇది: ‘ఎడమ పక్క ముందు చక్రం దగ్గర సర్‌ర్ సర్‌ర్‌మని రేకు గీకినట్టు వస్తోందండీ. నెమ్మదిగా పోతుంటే బాగా వినబడుతుంది. స్పీడు పెరిగేకొద్దీ సర్‌ర్‌లు దగ్గరపడతాయి. బ్రేకు తొక్కినా అంతే, తొక్కకపోయినా అంతే. మా కాలనీ మలుపులో గుంతలు పూడుస్తామని కంకర పోశారు, ఆ మర్నాటి నుంచీ మొదలైంది.’

అడ్వైజర్ గారు ఊఁ కొడుతూ ట్యాబ్ మీద వేలితో ఒక గడి నొక్కారు. ఆ గడి పేరు ‘నాయిస్’. ఎడమ పక్క పోయింది, నెమ్మది పోయింది, తొక్కినా తొక్కకపోయినా పోయింది, కంకర పోయింది. మిగిలిన ఒక్క మాటా ఏ కారుకైనా, ఏ పెళ్లి ఊరేగింపుకైనా, శాసనసభకైనా సరిపోతుంది.

వ్యాఖ్య: బ్రేకుల దగ్గర పుట్టే చప్పుళ్లన్నీ ఒక్క తానులో గుడ్డలు కావు. తొక్కినప్పుడు సన్నగా చెవి కోసేలా కీచుమంటే, ప్యాడూ డిస్కూ కలిసి సెకనుకు వెయ్యిసార్లకు పైగా వణుకుతున్నాయని అర్థం. ఈ కీచు 1,000 నుంచి 16,000 హెర్ట్‌జ్ దాకా ఎక్కడైనా పలుకుతుంది. మనిషి చెవి 2,000–5,000 హెర్ట్‌జ్ మధ్య మహా చురుగ్గా ఉంటుంది కనుక, బండి ఆగడంలో ఏ లోటూ లేకపోయినా వీధి వీధంతా తల తిప్పి చూస్తుంది. గరగరమని ఇనుమూ ఇనుమూ రాసుకున్నట్టుంటే, లైనింగ్ పూర్తిగా అరిగిపోయి వెనకున్న ఉక్కు పలక డిస్కును కోస్తోందని. ఆ బండిని ఇక కదపకూడదు. రివర్సు నుంచి ముందుకు మార్చి తొక్కగానే ‘కటక్’మని ఒక్కసారి అంటే ప్యాడు తన గూట్లో వదులైందని. పెడలు పాదాన్ని ఎదురు తంతూ దడదడలాడితే డిస్కు మందం అంతటా ఒక్కలా లేదని. ఆటోమేటిక్ బండి సిగ్నల్ దగ్గర బ్రేకు కొద్దిగా వదలగానే ‘గుర్‌ర్’మంటే ప్యాడు పట్టుకుంటూ జారుతూ ఉందని.

పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం: వయొలిన్ తీగ మీద కమాను చేసే పనీ ఇదే. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో సభల్ని మైమరపించిన భౌతికసూత్రమే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మనచేత పళ్లు కొరికిస్తుంది.

ఇక తాత్పర్య నిర్ణయం. ఒక గ్రంథం అసలు ఏం చెప్పదలచిందో తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు పెట్టారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదవాక్యానికి పనికొచ్చిన కొలమానం కారు చక్రానికి పనికిరాదనడానికి ప్రమాణం కనబడదు.

ఉపక్రమోపసంహారాలు అంటే ఎక్కడ ఎత్తుకున్నాడు, ఎక్కడ ముగించాడు అన్నది. చప్పుడుకు ఇదే మొదటి ప్రశ్న. రాత్రంతా వానలో నిలిచిన బండి డిస్కు పోత ఇనుముది గనుక తెల్లారేసరికి పల్చగా తుప్పు పట్టి ఎర్రబడుతుంది. మొదటి నాలుగు బ్రేకులకు గరుకుగా గీరి, వీధి మలుపు దాటేలోపు ఊరుకుంటుంది. అది జబ్బు కాదు. తిరుమలలో దర్శనం చేసుకుని, పాత ఘాట్ రోడ్డు మీద తక్కువ గేరులో దిగమంటే దిగకుండా, కిందిదాకా బ్రేకు మీదే కాలు పెట్టిన బండి మరో రకం. అలిపిరి దగ్గరే కమురు వాసన కొడుతుంది; ఇంటికొచ్చాక కీచు మొదలవుతుంది. వేడికి ప్యాడు ముఖం గాజులా నున్నబడిందన్నమాట. అప్పటిదాకా పల్లెత్తు మాట అనని బ్రేకు ఎక్కడ నోరు విప్పిందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే.

అభ్యాసమంటే చెప్పిందే మళ్లీ చెప్పడం. వేగంతో పాటు సర్‌ర్‌లు దగ్గరపడుతున్నాయంటే తిరిగేదానికీ కదలనిదానికీ మధ్య ఏదో ఒరుసుకుంటోంది. అపూర్వత: నిన్నటిదాకా లేనిది కంకర దాటాక వచ్చింది. ఫలం: బండి ఆగుతోందా లేదా? పెడలు మెత్తబడినా, కిందికి దిగిపోయినా, బండి ఒక పక్కకు లాగినా మీమాంస అక్కడితో చాలించి, తోలుకెళ్లకుండా ఎత్తించుకుని షెడ్డుకు పంపాలి. ఈ కారులో ఆ గుర్తులు లేవు.

ఆరింటిలో అడ్వైజర్ గారు సాధన చేసినది అర్థవాదం ఒక్కటే. స్తుతించో భయపెట్టో శ్రోతను పనికి పురికొల్పే వాక్యాన్ని అర్థవాదమంటారు. ‘సార్, ఫ్యామిలీతో వెళ్తారు కదా’ అన్నది కౌంటర్ల దగ్గర తరతరాలుగా పారాయణలో ఉన్న అర్థవాదం. ‘బ్రేకులతో రిస్క్ వద్దు సార్’ అన్నది దానికి ఉత్తరార్ధం. ఈ రెంటికీ జవాబు లేదు. ఉండకూడదనే వాటిని అలా కూర్చారు.

ఈ సందర్భంలో తెలుగునాట పుట్టి తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టును ఒకసారి తలచుకోవాలి. పొగను చూసి నిప్పు ఉందని ఊహించవచ్చు. నిప్పును చూసి పొగ ఉందని ఊహించకూడదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పే గాని పొగ ఉండదు. అలాగే ప్యాడ్లు అరిగితే చప్పుడు రావచ్చు. చప్పుడు వచ్చింది గనుక ప్యాడ్లు అరిగాయనడం తప్పిన హేతువు. తుప్పుకూ చప్పుడొస్తుంది, మట్టికీ వస్తుంది, నిన్న బిగించిన కొత్త ప్యాడ్లకూ వస్తుంది. అది ఉంటే ఇదీ ఉందా, అది లేకపోతే ఇదీ లేదా అన్న అన్వయ వ్యతిరేకాలు చూడటానికి కౌంటర్లో కూర్చోనక్కర్లేదు, ఒక్క ఫర్లాంగు బండి నడిపితే చాలు. ప్యాడ్ల చప్పుడైతే బ్రేకు తొక్కినప్పుడు పుట్టాలి, లేదా ఆగాలి, కనీసం గొంతైనా మారాలి. తొక్కినా తొక్కకపోయినా ఒక్కలాగే ఉంటే దోషి వేరే ఉన్నాడు.

‘ప్యాడ్స్’ అనగా. ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం పక్కదారి పడతాడు. తొందర ఉన్నవాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు.

ప్యాడు వంశానికి మూలపురుషుడు చెప్పులు కుట్టే మనిషి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త కార్ల్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని, ఆయనకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు తోలుకెళ్లింది. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. పల్లాలు దిగేటప్పుడు చక్రాన్ని నొక్కి ఆపే చెక్క దిమ్మెలు అరిగిపోయాయి. దారిలో ఒక ఊళ్లో చెప్పులు కుట్టే అతన్ని పట్టుకుని ఆ దిమ్మెలకు తోలు కొట్టించింది. లోకంలో మొదటి బ్రేకు లైనింగ్ అదేనంటారు. జాబుకార్డు లేదు, అంచనా బిల్లు లేదు. అరిగింది కంటికి కనబడింది, తోలు పడింది, బండి కదిలింది.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ కథ కూడా చెప్పుల చుట్టూనే తిరుగుతుంది. డెర్బీషైర్ కొండదారుల్లో గుర్రపుబండ్లవాళ్లు బ్రేకు దిమ్మెకు పాత బూటు కొట్టి పల్లం దిగడం చూసి, ఇంతకన్నా మంచి వస్తువు చేయలేమా అనుకున్నాడట. 1897లో మొదలెట్టి, గుడ్డనూ జిగురునూ దాటి, కొన్నేళ్లకు ఆస్బెస్టాస్ దాకా వెళ్లాడు. ఫెరోడో అన్న పేరు ఆయన కంపెనీదే. ఆస్బెస్టాస్ వేడికి లొంగదు. ఊపిరితిత్తుల్ని మాత్రం వదలదు. అది తెలిశాక చాలా దేశాలు దాన్ని బ్రేకుల్లోంచి తీసేశాయి. ఈ నడుమ 1902లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడెరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. డిస్కును పట్టే దవడలకు రాగి వేశాడు. బండి ఆగింది, కానీ ఆ కేకకు ఎవరూ తట్టుకోలేకపోయారు. డిస్కు బ్రేకుతో పాటే దాని కీచూ పుట్టిందని చరిత్ర. అదే సంవత్సరం ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ బ్రేకుకు పేటెంటు తీసుకోవడం, అర్ధశతాబ్దం పాటు డ్రమ్ములే లోకాన్ని ఏలడం, 1953లో లమాన్ ఇరవైనాలుగు గంటల పందేన్ని డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలవడం, అక్కడినుంచి డిస్కు మామూలు కార్ల ముందు చక్రాలకు దిగిరావడం... ఇది చెబుతూ పోతే వ్యాఖ్యాతకు ఆనందమే గాని, ఎడమ చక్రం సర్‌ర్ సర్‌ర్‌మంటూ బయట నిలబడే ఉంది. ప్రకృతాన్ని అనుసరిద్దాం.

ప్యాడు అరిగిందో లేదో ఊహించవలసిన వస్తువు కాదు, కొలవవలసిన వస్తువు. కొత్తది 10–12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 3 మి.మీ. దరికి వచ్చిందంటే మార్చాలి. చాలా బండ్లలో ప్యాడు తన అంత్యకాలాన్ని తానే చాటుకునే ఏర్పాటు కూడా ఉంది. లైనింగ్ ఆ మందానికి దిగగానే ఒక చిన్న ఉక్కు నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. డిస్కు సంగతి ఇంకా స్పష్టం: ఎంత సన్నబడితే పారేయాలో ఆ కనీస మందం అంకె డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది. మైక్రోమీటరు పెట్టి చూసి, రెండంకెలూ పోల్చి, పక్కపక్కన రాస్తే ఏ యజమానీ నోరెత్తడు. మన మూలగ్రంథంలో ఒక్క అంకె కూడా లేదు. అంకెలన్నీ ఎస్టిమేటులో ఉన్నాయి, రూపాయల్లో.

మన మెదక్ జిల్లా కొల్చారం మనిషి మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ఒక నియమం పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. ఆ నియమాన్ని రెండు పార్శ్వాలా ఒకేసారి భంగపరచడం మామూలు ప్రతిభకు సాధ్యం కాదు. ప్యాడ్లు అరిగాయన్నది బండి అనే అసలు మూలంలో లేనిది. డిస్కులు మార్చాలన్నది అక్కర్లేనిది. ‘అబ్జర్వ్‌డ్’ అన్న మాట మీద వ్యాఖ్యాతకు ప్రత్యేక గౌరవం ఉంది. చక్రం విప్పలేదు, బండి గేటు దాటలేదు, అద్దాల గదిలోంచి ఎవరూ లేవలేదు. అయినా అబ్జర్వ్‌డ్. ఋషులు మంత్రాల్ని దర్శించినట్టు.

ఇక్కడ వ్యాఖ్య పక్కనపెట్టి ఒక మాట అనాలి. ఆ సర్వీస్ సెంటర్‌లో చప్పుడు వినగలిగిన చెవులు లేవని కాదు. అద్దానికి అవతల, నీలం యూనిఫాంలో, రోజూ నలభై చక్రాలు విప్పే కుర్రాళ్లున్నారు. బండి లోపలికి వస్తుంటేనే చప్పుడు పోల్చగలరు. వాళ్లు కస్టమరుతో మాట్లాడకూడదు. మాట్లాడే ఆయన బండి ఎక్కడు. కాఫీ మిషనూ మాసిన పత్రికలూ ఉన్న గదిలో యజమానిని కూర్చోబెట్టి, చెప్పుకోవలసినవాడికీ వినవలసినవాడికీ మధ్య నిలువెత్తు గాజుగోడ కట్టి, దానికి పారదర్శకత అని పేరు పెట్టారు. ‘ఒక్కసారి నాతో బండెక్కండి, మలుపు దాకా వెళ్లి వద్దాం’ అని యజమాని రెండుసార్లు అడిగాడు. ‘టెస్ట్ డ్రైవ్ మావాళ్లు చేస్తారు సార్’ అన్నారు. చేశారో లేదో కిలోమీటర్ల మీటరు చెప్పింది: ఇచ్చినప్పుడెంతో తీసుకున్నప్పుడూ అంతే.

ఉపపత్తి, అనగా యుక్తితో నిలబెట్టడం, రోడ్డు పక్క షెడ్డులో జరిగింది. మెకానిక్ అడిగింది ఒక్కటే: ‘కంకర మీద పోనిచ్చిన్రా సార్?’ జాకీ ఎక్కించి, నట్లు వదులుచేసి చక్రం పక్కన దొర్లించాడు. డిస్కును చేత్తో తిప్పితే సర్‌ర్. క్యాలిపర్ సందులోంచి సెల్‌ఫోన్ లైటు వేసి ప్యాడ్ల అంచు చూపించాడు. సగానికి పైనే ఉన్నాయి. డిస్కు వెనక, దుమ్ము పడకుండా కట్టిన పల్చటి రేకు ఉంటుంది. దానిమీద వేలి గోరంత మేర మాత్రం రంగు పోయి వెండిలా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో రేకును కొద్దిగా వెనక్కి వంచగానే పెసరగింజకన్నా కాస్త పెద్ద కంకర ముక్క టక్కున నేలమీద పడింది. మళ్లీ డిస్కు తిప్పాడు. చప్పుడు లేదు. చాయ్‌కి ఇమ్మన్నాడు, యజమాని భోజనానికి ఇచ్చాడు.

మిగిలింది మూడో వాక్యం. ‘కస్టమర్ నాట్ విల్లింగ్.’ పై రెండు వాక్యాలకూ లేని జాగ్రత్త దీనిలో ఉంది. రేపు ఏమైనా జరిగితే, మేం చెప్పాం, ఆయన వినలేదు అని చూపడానికి ఈ కాగితం బీరువాలో ఉంటుంది. నిజానికి ఆ పూట ఇష్టపడనిది ఎవరు? యజమాని చక్రం విప్పి చూపమన్నాడు, మందం కొలవమన్నాడు, పక్కన కూర్చుని వినమన్నాడు. మూడూ కాదన్న వైపు పేరు కార్డులో లేదు. అరగని డిస్కులు మార్చుకోనన్న వైపు పేరు మాత్రం, ఫోన్ నంబరుతో సహా ఉంది. ఆ కింద యజమాని సంతకం చేసేదాకా బండి తాళం ఇవ్వలేదు.

ఫలశ్రుతి ఫోన్లో వచ్చింది. ‘సార్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది ఇవ్వండి, తొమ్మిది ఇచ్చినా నా ఇన్సెంటివ్ పోతుంది’ అని అడ్వైజర్ గారు ముందే బతిమాలారు. ఆ గొంతులో కౌంటర్ దగ్గరి గాంభీర్యం లేదు. నెల టార్గెట్‌కు ఇన్ని ప్యాడ్లు, ఇన్ని డిస్కులు అని తన నెత్తిమీద రాసి పెట్టిన కుర్రాడి గొంతు అది. తర్వాత నిజంగానే కాల్ వచ్చింది. మర్యాదగా మాట్లాడారా, కాఫీ ఇచ్చారా, బండి శుభ్రంగా కడిగారా, చెప్పిన టైముకు ఇచ్చారా అని అడిగారు. చప్పుడు పోయిందా అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు.