సేనాపతుల శాంతిశాస్త్రము

రాజనీతి యనగా కౌటిల్యునిదే యని మనవారు తరతరములుగా మురిసిపోవుచుందురు. సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము అని గుణముల నారింటిని లెక్కించి, ఒకనితో సంధి చేసికొని వేరొకనిపై కత్తి దూయుటయే ద్వైధీభావమని ఆయన చెప్పిన మాటను మన పండితులు వల్లెవేసి, పరీక్షలలో వ్రాసి, పిదప మరచిపోయిరి. మరువక ఆచరణమున పెట్టి, కౌటిల్యునికిని తోచని సూక్ష్మములను దానికి జోడించి, ఆ శాస్త్రమును పరాకాష్ఠకు గొనిపోయిన ఘనత బర్మా దేశపు సేనాపతులకు దక్కినది. ఆ దేశమునకు 1989లో మయన్మార్ అని పేరు మార్చినవారును వారే. కాని పేరు మారినను కఱ్ఱ పట్టిన చేయి మారలేదు గనుక నేను పాత పేరే వాడెదను.

తాము శాంతికాముకులమనియు, పిలిచి పీట వేసినను కొండజాతులవారే రాకున్నారనియు, తాము లేనినాడు దేశము తునాతునకలగుననియు సేనాపతులు చెప్పుకొందురు. ఇది వట్టి బూటకమని కొందరు ఆడిపోసికొందురు గాని నేనట్లనను. ఆ సేన చేసికొన్నన్ని కాల్పుల విరమణ యొప్పందములు లోకమున మరియొక సేన చేసికొనియుండునా యని నాకు సందేహము. యుద్ధమును ఆపదలచినవానికి ఒప్పందమొక్కటి చాలును. ఆగకూడదను పట్టుదల గలవానికే అన్ని ఒప్పందములు కావలసియుండును.

ఈ వ్యవహారమునకు మూలము పాంగ్‌లాంగ్ అను షాన్ దేశపు చిన్న పట్టణము. 1947 ఫిబ్రవరి 12వ తేదీన స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్ అచట షాన్, కచిన్, చిన్ నాయకులతో కూర్చుండి, మీ కొండలలోని పాలన మీదే, ఆంగ్లేయులను సాగనంపు పనిలో మాత్రము మనమందరమును ఒక్కటియని ఒడంబడిక చేసికొనెను. అయిదు నెలలకే, జూలై 19న, ఆయనను కాల్చి చంపిరి. 1948 జనవరిలో స్వాతంత్ర్యము వచ్చెను గాని ఒడంబడికలోని స్వపరిపాలన మాత్రము వెంటరాలేదు. షాన్‌లకును కరెన్నీలకును పదియేండ్ల పిదప సమాఖ్యను వీడిపోవు హక్కును ఆనాటి రాజ్యాంగము వ్రాసియిచ్చినది. ఆ పదియేండ్లు నిండి మరి నాలుగేండ్లు గడచునంతలో, సమాఖ్య స్వరూపమును గూర్చి రంగూనున సదస్సు జరుగుచుండగా, 1962 మార్చి 2వ తేదీ తెల్లవారుజామున సేనాని నే విన్ ఆ రాజ్యాంగమును, ఆ హక్కును, ఆ సదస్సును ఒక్కపెట్టున చుట్టబెట్టెను. దేశమునకు తొలి అధ్యక్షుడైన షాన్ ప్రభువు సావ్ ష్వే థైక్‌ను నిర్బంధించిరి; ఆయన కుమారుడొకడు ఇంటివద్దనే గుండు దెబ్బకు బలియయ్యెను; ఆయనయు ఆ సంవత్సరముననే చెరలో కన్నుమూసెను. అయినను కృతఘ్నులు గారు సేనాపతులు. ఫిబ్రవరి 12ను సమాఖ్య దినోత్సవముగా ఏటేట జరుపుచునే యున్నారు. 2021 ఫిబ్రవరి 1న ఎన్నికైన ప్రభుత్వమును కూలద్రోసి, పండ్రెండవ తేదీన ఆ యుత్సవము పేరిట ఇరువదిమూడు వేలమందికి పైబడిన ఖైదీలకు స్వేచ్ఛ ప్రసాదించిరి. కారాగృహములలో చోటు చేయవలసిన యవసరము అప్పటికే లోకమునకు తెలిసియుండెను.

నే విన్ కాలమున వెలసిన దివ్యసూత్రము నాలుగు కోతలు. తిరుగుబాటుదారునికి తిండి, ధనము, సమాచారము, కొత్త సైనికులు అందకుండ కోసివేయుట దాని సారాంశము. ఈ నాలుగును ఇచ్చునది పల్లె గనుక, వేరువేరుగా కోయు శ్రమ లేకుండ పల్లెనే కోసివేయుట మేలని తేలినది. కరెన్ కొండలలో పటాలము వచ్చిన దినమును తలచుకొనుడు. ఇండ్లు తగులబెట్టుదురు, ధాన్యపు కొట్లు తగులబెట్టుదురు, అంతటితో తృప్తి చెందక, అడవిలోనికి పారిపోయినవారి సత్తుగిన్నెలను ఏరి, వాటి అడుగున తూట్లు పొడిచి మరీ పోదురు. గంజి కాచుకొన వీలుపడని సత్తుగిన్నె దేశసమగ్రతకు ఏ విధమున తోడ్పడునో వారి యుద్ధకళాశాలలోనే నేర్పవలెను. మూటలు మోయించుటకు పట్టుకొనిపోయిన రైతును దళమునకు ముందు నడిపింతురు. మందుపాతర యున్నదో లేదో అతని కాలు చెప్పును.

ఈ సేనాపతుల సంగతి యెరుగుటకు తెలుగువాడు అంతదూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమున నేటికిని బర్మా క్యాంపు అని పిలువబడు పేటలోని పెద్దల నడిగిన చాలును. రంగూను రేవులో బస్తాలు మోసియు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చియు తరములు గడపిన మనవారు, 1964లో ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవని విని, అంగళ్లు ప్రభుత్వపరమైనవని విని, వట్టిచేతులతో ఓడ లెక్కిరి. ఆ నే విన్ దొరయే 1987లో మరల నోట్లను రద్దుచేసి 45, 90 క్యాట్ల నోట్ల నచ్చొత్తించెను; తొమ్మిది ఆయనకు అచ్చివచ్చిన సంఖ్య యట. దేశమున జాతులు 135 అని ప్రభుత్వము చాటిన లెక్కలోని యంకెలను కూడినను తొమ్మిదియే వచ్చును. ఆ రహస్యమును జ్యోతిష్కులకు విడిచెదను. ఆ 135లో రోహింగ్యాలు లేరు. 1982 నాటి పౌరసత్వ చట్టము వారిని వెలిపెట్టెను. 2017లో ఏడు లక్షలకు మించి వారు ప్రాణములు అరచేత పట్టుకొని బంగ్లాదేశమునకు పారిపోయిరి. లెక్కలో లేనివారితో ఒప్పందము చేసికొను బాధ సేనాపతులకు ఆ విధముగ తప్పినది.

శాస్త్రము నిజముగ వికసించినది 1989 మొదలు. అంతకు ముందటి యేడు పట్టణములలో లక్షలాది ప్రజలు వీధులకెక్కగా వారిని తుపాకులతో నణచిన సేనకు, కొండలలోను పట్టణములలోను ఏకకాలమున పోరుట భారమయ్యెను. అదే సమయమున బర్మా కమ్యూనిస్టు పార్టీ చీలిపోవుటయు కలిసివచ్చెను. గూఢచారి శాఖాధిపతి ఖిన్ న్యున్ సరిహద్దులకు పోయి, కోకాంగ్, వా దళములను బుజ్జగించి, మీ తుపాకులు మీయొద్దనే యుంచుకొనుడు, మీ వ్యాపారము మీరు చూచుకొనుడు, మమ్ము మాత్రము కాల్చకుడని విరమణ కుదిర్చెను. నల్లమందు పండు కొండలలో వ్యాపారమనగా నేమో ఎవరికిని విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను. 1994 ఫిబ్రవరిలో కచిన్ స్వాతంత్ర్య సంస్థయు సంతకము చేసెను. ఉత్తరమున ఊపిరి దొరికిన సేన 1995 జనవరిలో తూర్పున కరెన్‌ల ముఖ్యస్థావరమైన మనర్‌ప్లాను పట్టుకొనెను. కౌటిల్యుడు బ్రతికియుండిన ఈ నడకకు శిరఃకంపము చేసియుండును.

కచిన్ నాయకులు అమాయకులు గారు. విరమణ సరియే, మరి పాంగ్‌లాంగ్ మాట యేమని వారడిగిరి. అందులకు వచ్చిన సమాధానము సువర్ణాక్షరములతో వ్రాయదగినది: మేము తాత్కాలిక సైనిక ప్రభుత్వము, రాజకీయ విషయములు మాటలాడు అధికారము మాకు లేదు, రాజ్యాంగము వచ్చి ఎన్నికైన ప్రభుత్వము ఏర్పడిన పిదప వారితో మాటలాడుకొనుడని. 1990 ఎన్నికలలో ప్రజలు గెలిపించినవారిని గద్దె యెక్కనీయకుండుటకు, విశ్వవిద్యాలయములను సంవత్సరముల తరబడి మూసియుంచుటకు, దేశమునకు పేరు మార్చుటకు, తుదకు రాజధానినే రంగూనునుండి పెకలించి నేపిడావునకు తరలించుటకు చాలిన యధికారము, ఒక కొండమనిషితో రాజకీయము మాటలాడుటకు మాత్రము చాలకపోయెను! ఇంతటి వినయము నియంతలలో అరుదు.

రాజ్యాంగము వచ్చువరకు వేచియుండుమన్నారు గదా, ఆ రాజ్యాంగ రచనకు సభ 1993లో కూర్చుండి 2007లో లేచెను. మధ్యలో ఏండ్లకేండ్లు అది సమావేశమే కాలేదు. కచిన్‌లు ఆ సభకు పందొమ్మిది కోరికలు వ్రాసియిచ్చిరి. అవి యేమయ్యెనో అడుగుట అనాగరికము. 2008 మే మొదటివారమున నర్గిస్ తుపాను ఐరావతీ ముఖద్వారమును ఊడ్చివేసి లక్షకు మించి ప్రాణములు గొనిపోయెను. శవములు ఇంకను నీటిపై తేలుచుండగానే, మే 10న దేశమున ప్రజాభిప్రాయ సేకరణ జరిపిరి. తుపాను తాకిన ప్రాంతములకు దయతలచి రెండు వారములు గడువిచ్చిరి. నూటికి 92.48 మంది రాజ్యాంగము నామోదించిరని ప్రకటన వెలువడెను. ఆ దశాంశములను చూడుడు! తొంబదియని ఊరకుండిన ఎవడైన అనుమానించును గాని, దశాంశ స్థానము రెండంకెల వరకు పోయినచో అది సత్యము గాక మరేమగును?

ఆ గ్రంథమున పార్లమెంటు పీఠములలో నాలుగవ వంతు సేనకు కేటాయింపబడినది. సవరించుటకు నూటికి డెబ్బదియైదుకు మించిన యామోదము కావలయును. దేశములోని సమస్త సాయుధ బలగములును సేనాధిపతి యధీనమున నుండవలెనని మరియొక నిబంధన. కావున 2009లో విరమణ దళములకు తాఖీదు వచ్చెను: ఇకపై మీరు సరిహద్దు రక్షక దళముగా మా పటాలములో చేరవలెను. పదునైదేండ్లు వేచిన రాజకీయ చర్చ ఇదియే. కచిన్‌లు ఒల్లమనిరి. పిదప ప్రభుత్వ పత్రికలు వారిని తిరుగుబాటుదారులని వ్రాయ నారంభించెను. 2011 జూన్‌లో తుపాకులు మరల మ్రోగెను. ఇంచుమించు లక్షమంది గూళ్లు విడిచి శిబిరముల పాలైరి. ఆ పదునేడేండ్ల శాంతి వ్యర్థమైనదనరాదు. విరమణ కాలముననే ఫాకాంత్‌లోని పచ్చరాతి గనులు కచిన్‌ల చేతినుండి జారి, సేనకు కావలసినవారి కంపెనీల పాలయ్యెను. కొండలను యంత్రములతో తొలిచి పోసిన మట్టిగుట్టలపై రాతిముక్కలకై దేవులాడు కూలీలలో, 2020 జూలైలో ఒక్కనాడే నూటయరువదిమందికి పైగా ఆ మట్టిక్రింద సమాధియైరి. యుద్ధము జేసి గెలువలేని గనిని శాంతి జేసి గెలుచుటయే గదా నేర్పనగా.

ఇట్టి ప్రతిభకు సీమాంతరముల యందును గుర్తింపు లభించెను. 2013 జనవరిలో కచిన్‌ల ముఖ్యస్థావరమైన లైజా పరిసరములపై విమానములు బాంబులు కురిపించుచుండగా అధ్యక్షుడు థెయిన్ సెయిన్ విరమణ ప్రకటించెను. మరునాడును ఫిరంగులు ప్రేలుచునే యుండెను. అదే యేడు ఏప్రిల్‌లో న్యూయార్కున ఇంటర్నేషనల్ క్రైసిస్ గ్రూపు వారు ఆయనకు శాంతి సాధనకై బహుమానము నిచ్చిరి. ఫిరంగి చప్పుడు న్యూయార్కుదాక వినబడదు గదా. 2015 అక్టోబరు 15న దేశవ్యాప్త కాల్పుల విరమణ యొప్పందము కుదిరెను. సంతకము చేసినవి ఎనిమిది దళములు. ఉత్తరమున గట్టిగ పోరుచున్నవారిలో కొందరు చేయలేదు, మరికొందరిని సేనయే చేయనీయలేదు. పోరువారు తప్ప తక్కినవారందరును పోరు మానుట దేశవ్యాప్తమునకు లక్షణము కాబోలు. ఆంగ్ సాన్ కూతురు గద్దె యెక్కి 2016లో రెండవ పాంగ్‌లాంగ్ సభ దీర్చెను. ఆమెయే 2019లో హేగ్ నగరమునకు పోయి రోహింగ్యాల విషయమున ఆ సేన పక్షమున వాదించెను. ఆ ప్రకరణమును తడవుట నాకే సిగ్గుగానున్నది.

కొండల సేనలన్నియు పుణ్యమూర్తుల నిలయములని నేననను. నల్లమందు సొమ్మును, బలవంతపు భర్తీయు వారిలోను గలవు. కాని సేన లేనిచో దేశము ముక్కలగునను వాదమునకు మాత్రము ఇప్పుడు చోటు లేదు. ఆరు దశాబ్దములు ఆ సేన కాపాడిన పిదప ఏమయ్యెనో చూచితిమి. 2023 అక్టోబరు 27న మూడు దళములు కూడి ఎత్తిన దాడికి ఉత్తర షాన్ పట్టణములు వరుసగా రాలెను. 2024 ఆగస్టు నాటికి లాషియోలోని ఈశాన్య సైనిక మండల కేంద్రమే పోయెను. 2025 ఏప్రిల్‌లో చైనావారు కల్పించుకొని ఆ పట్టణమును సేనకు తిరిగి ఇప్పించిరి. ఏ సార్వభౌమత్వమును కాపాడుటకు అన్ని పల్లెలు కాల్చిరో, ఆ సార్వభౌమత్వమును పొరుగువాడు తెచ్చి చేతిలో పెట్టవలసి వచ్చినది.

2021లో ప్రభుత్వమును కూలద్రోసిన సేనాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ పూర్వులకంటె త్వరగా పని జరుపువాడు. 2022 మార్చి 27న సైనిక దినోత్సవమున ప్రత్యర్థులను తుదముట్టించెదనని శపథము చేసి, నెల తిరుగకమునుపే ఏప్రిల్ 22న జాతుల దళములను శాంతిచర్చలకు స్వయముగ ఆహ్వానించెను. 2023 అక్టోబరులో దేశవ్యాప్త ఒప్పందమునకు ఎనిమిదవ వార్షికోత్సవము వచ్చెను. పదునైదవ తేదీన నేపిడావున వేడుక. అంతకు ఆరు దినముల ముందు, తొమ్మిదవ తేదీ రాత్రి, లైజా చెంత మున్‌లాయ్ హ్కియెట్ శిబిరమున నిదురించుచున్న నిర్వాసితులపై విస్ఫోటము జరిగి పసిపిల్లలతో కూడ ఇరువదియెనిమిదిమందికి తక్కువ గాకుండ మరణించిరి. 2011లో విరమణ భగ్నమైనపుడు ఊళ్లు వీడినవారికై వెలసిన శిబిర మది. తమకేమియు తెలియదనియు, తిరుగుబాటుదారులు దాచిన మందుగుండే ప్రేలియుండుననియు సేన ప్రతినిధి సెలవిచ్చెను. వేడుక నిర్విఘ్నముగ జరిగెను. ఒప్పందము చేసినవారిలో పెద్దదైన కరెన్ జాతీయ సంఘము రాలేదు. అది అప్పటికి సేనతో పోరుచుండెను గనుక తీరిక లేకపోయినదని భావింతము.

2025 మార్చి 28న సగాయింగ్, మాండలే ప్రాంతమున భూకంపము వచ్చి మూడు వేలమందికి పైగా మరణించిరి. ఏప్రిల్ 2న సేన విరమణ ప్రకటించెను. ఆ నెల 22 వరకు, పిదప నెలాఖరు వరకు, పిదప మే 31 వరకు. మే 12వ తేదీ ఉదయమున, విరమణ అమలులో నుండగనే, సగాయింగ్‌లోని ఓ టెయిన్ ట్విన్ గ్రామమున బడి జరుగుచుండగా విమానము బాంబు విడిచెను. ఇరువదిమంది పిల్లలును వారితోకూడ ఉపాధ్యాయులును హతులైరి. ఆ వార్త కల్పితమని ప్రభుత్వ టెలివిజన్ చెప్పెను. నెల ముగియునప్పటికి విరమణ సత్ఫలితము నిచ్చుచున్నదని తోచినది కాబోలు, దానిని జూన్ 30 వరకు మరల పొడిగించిరి.