ముడి వేయడానికీ మిషనా?

పాండిచ్చేరి బీచ్ రోడ్డు బండరాళ్ల మీద నిలబడ్డ మా సారం పేట కుర్రాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది నాయనా. చేతిలో వేల రూపాయల రాడ్డు, రీలు నిండా అల్లిక దారం. ముడి మాత్రం ఫోను చూస్తే గాని పడదు. పైగా దానికో పరికరం, బాబిన్ అట! పది వేళ్లూ దేవుడు ఎందుకిచ్చినట్టు?

మా రోజుల్లో యానాంలో, గౌతమి గట్టు మీద, సీసాకి చుట్టిన నైలాన్ తంగూసే మా రీలు. మొదలు నుంచి గాలం దాకా ఒకటే దారం. తెగితే రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద ఒకటి అయిదేసి చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి నెమ్మదిగా లాగేవాళ్లం. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే నీరసిస్తుంది. ఈ మాట మాకు ఏ వీడియో చెప్పలేదు, పెద్దాళ్లు మొట్టి చెప్పారు. పాండిచ్చేరి వచ్చాక 1962 నాటి పాత రేవు వంతెన దగ్గరా అదే తంగూసు, అదే ముడి. ఆ వంతెన కూడా 2022 మార్చిలో కొంత కూలిపోయింది. ఏది మిగిలింది గనక!

అన్నట్టు, మా తాత నైలాన్‌నీ తిట్టేవాడు. ఆయనది నూలు కాలం. దారానికి చెట్టు బెరడు కషాయం పట్టించాలి, వేటయ్యాక కడిగి ఆరేయాలి, లేకపోతే కుళ్లిపోతుంది. 1938లో అమెరికాలో డూపాంట్ వాళ్లు బయటపెట్టిన నైలాన్ మా రేవుకొచ్చేసరికి ఆయన ముసలాడు. కుళ్లని దారంతో కుర్రాళ్లు సోమరిపోతులవుతారని గొణిగేవాడు. నాదీ ఆ గొణుగుడేనని మా మనవడంటాడు. అననీ. ఆయన అన్నదీ నిజమే, నేననేదీ నిజమే.

1990లలో వచ్చిన ఈ అల్లిక దారం సన్నం, మహా గట్టిది. కానీ సాగదు, పైగా జారుడు సరుకు. బండకి రాసుకుంటే పుటుక్కుమంటుంది. అందుకే ముందు రెండు బారల లావు నైలాన్ కట్టాలి, అదే మీరనే లీడరు. మా ముడిలో నైలాన్‌కి సరిపోయిన అయిదు చుట్లు దీనికి చాలవు, ఎనిమిదైనా పడాలి.

ఆ రెంటినీ కలిపే మీ ఎఫ్‌జీ ముడి మంచిదే, కాదనను. లీడరు వంగదు. దాని మీద అల్లిక దారాన్ని అటొకసారి ఇటొకసారి ఇరవై చుట్లు దాకా వేస్తే, లాగే కొద్దీ కరిచి పట్టుకుంటుంది. సన్నగా ఉంటుంది గనక రాడ్డు రింగుల్లో తట్టుకోకుండా జారిపోతుంది. ఇంత తెలివైన ముడిని తగలేస్తున్నారన్నదే నా బాధ! దారం బిగువుగా పట్టుకుని చుట్టరు. తడపరు. గట్టిగా లాగితే చుట్ల రంగు ముదురుతుంది, అప్పుడే అది లీడరులోకి దిగినట్టు. అది చూసే ఓపికేదీ?

ఆ పైన లైటరొకటి! లీడరు కొసని కరిగించి గుండు చేస్తారు. నైలాన్ 220 డిగ్రీలు దాటితే గాని కరగదు. అల్లిక దారం 150 దగ్గరే కరిగిపోతుంది. మంట పక్కకి తగిలిందా, ముడి అప్పుడే చచ్చింది. తర్వాత వంజరం లాక్కుపోయిందని ఏడుపు.

కత్తిరించండి, మళ్లీ కట్టండి. నాకు చూపించకుండా గాలం విసరకండి.