స్కానర్ సార్

మల్లాపూర్‌లో ఏ కారు బోనెట్ లేచినా పది నిమిషాల్లో స్కానర్ సార్ ప్రత్యక్షమవుతారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ కంపెనీ స్టోర్స్ లెక్కలు చూసి రిటైరైన మనిషి. స్పానర్ పట్టిన పాపాన పోలేదు. జేబులో మాత్రం చిన్న బ్లూటూత్ డబ్బా ఉంటుంది. దాన్ని స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్ తెరిచారంటే ఇక ఆయన్ని పలకరించకూడదు.

డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగితే యజమాని మొహం వాడిపోతుంది. సార్ మొహం వెలిగిపోతుంది. మనుషుల్ని కూడా ఆయన కోడ్‌లతోనే గుర్తుపెట్టుకుంటారు. "మన పీ0420 వాళ్లమ్మాయి పెళ్లి నోమా ఫంక్షన్ హాల్లోనట" అన్నారంటే, ఆ పెళ్లికూతురి తండ్రి కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందని మనం అర్థం చేసుకోవాలి. పైసా తీసుకోరు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు చాలు.

మొన్న మా వీధి కుర్రాడి 2014 డీజిల్ స్విఫ్ట్ లాలాపేట ఫ్లైఓవర్ ఎక్కలేక ఆయాసపడింది. వెనకాల ఆటోలన్నీ హారన్లతోనే దాన్ని పైకి తోశాయి.

"అంకుల్, బండి గుంజుతలేదు. ఎంత తొక్కినా పికప్ లేదు."

సార్ డబ్బా గుచ్చారు. "పీ జీరో టూ డబుల్ నైన్!" అని కొడుకు ఎంసెట్ ర్యాంకు చదివినట్టు చదివారు. "టర్బో పోయింది బాబూ. మార్చుడే."

కోడ్ ఆ మాట అననేలేదు. కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి టర్బో నుంచి రావడం లేదన్నది, అంతే. ఎందుకు రావడం లేదో దానికి తెలియదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, పైపు చీలి ఉండొచ్చు, క్లాంప్ వదులై ఉండొచ్చు, ప్రెషర్ సెన్సరే అబద్ధమాడుతుండొచ్చు. టర్బో చచ్చిపోవడం ఆ వరసలో ఆఖరిది. గాలి చాలనప్పుడు కంప్యూటర్ డీజిల్‌కీ కోత పెడుతుంది. అందుకే బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. సార్ మాత్రం ఎప్పుడూ జాబితా చివరినుంచి, అంటే ఖరీదైన వైపునుంచి మొదలుపెడతారు. స్టోర్స్ అలవాటేమో.

ఆ తర్వాత ఆయనకు ప్రాణప్రదమైన ఘట్టం: కోడ్ చెరిపేయడం. లైటు ఆరింది, చాయ్ వచ్చింది. లైటు వెలిగిన క్షణాన ఇంజిన్ ఎంత వేగంలో ఉంది, ఎంత వేడి మీద ఉంది అని కారు దాచుకున్న లెక్క కూడా దాంతోనే చెరిగిపోయింది. మెకానిక్‌కు పనికొచ్చేది అదే. హబ్సిగూడ దాటకముందే లైటు మళ్లీ వచ్చింది. "ఇది కొత్తది" అన్నారు సార్ ఫోన్లో, నంబరు కూడా అడక్కుండా.

మన దేశంలో ఈ వైభవానికి 2013 ఏప్రిల్ పునాది. కొత్త కార్లు తమ రోగాలను ఓబీడీ-2 పద్ధతిలో తామే చెప్పుకోవాలన్న నిబంధన అప్పుడే అమల్లోకొచ్చింది. చెప్పుకునేవాళ్లుంటే వినేవాళ్లూ పుడతారు.

నాచారంలో షెడ్డు మెకానిక్ దగ్గరా స్కానర్ ఉంది, సార్ దానికన్నా పెద్దది. అయినా ముందు దాన్ని తీయలేదు. కుర్రాణ్ని రేస్ చేయమని చెవి ఒగ్గాడు. ఎక్కడో బుస్సుమంది. ఇంటర్‌కూలర్ పైపు వెంట వేళ్లు పోనిస్తే ఓ చోట నూనె తడి తగిలింది, అక్కడే చీలిక. పైపు మార్చాడు. స్విఫ్ట్ మళ్లీ గుంజింది.

ఈ కబురు చెబితే సార్ ఏమాత్రం చెక్కు చెదరలేదు. "ప్రెషర్ తక్కువుందన్నానా లేదా? తక్కువే ఉండె." కాదనడానికి లేదు.

ఇంతకీ సార్ సొంత బండి 1996 మారుతి 800. కార్బురేటర్ ఇంజిన్, సాకెట్టే లేదు. కిందటి వారం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అది ఆగిపోతే ఆయన బోనెట్ ఎత్తి, లోపలికి చాలాసేపు చూసి, ఆ మెకానిక్‌కే ఫోన్ చేశారు.

"ఏం కోడ్ వచ్చింది సార్?" అన్నాడు వాడు.