రానూపోనూ టికెట్

నేను పాస్‌పోర్టును. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడుగు, తొమ్మిదికి రవ్వంత తక్కువ వెడల్పు, 36 పేజీలు, నీలం అట్ట. నా కాగితాలు అచ్చయింది నాసిక్‌లో. కాపురం గుంతకల్లులో, రిటైరయిన ఒక గూడ్సు గార్డు ఇంట్లో. నా ఒళ్లో ఉన్న ఫోటో మాత్రం ఆయనది కాదు, ఆయన భార్యది. మనవరాళ్లు ఆమెను అవ్వ అంటారు, నేనూ అదే అంటాను.

నా మొదటి పేజీ చదివితే నేనెంత గొప్పదాన్నో తెలుస్తుంది. ఈ మనిషిని అడ్డు చెప్పకుండా పోనివ్వండి, అవసరమైతే ఆదుకోండి అని రాష్ట్రపతి పేరు మీద లోకంలోని దొరలందరికీ రాసిన విన్నపం అది. పైగా నేను అవ్వ సొత్తు కూడా కాను, భారత ప్రభుత్వం సొత్తు. ఇంత హోదా ఉన్నదాన్ని తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల పక్కన పెట్టారు. రెండేళ్లు ఆ వాసనే పీల్చాను.

తాతకు నేనంటే మొదట్నుంచీ చిన్నచూపు. ముప్పయి ఏడేళ్లు రైల్వే పాసు మీద, పీటీవో అనే రాయితీ టికెట్ మీద దేశమంతా తిరిగిన మనిషి. "పాసు ఉంటే సాలదా, మళ్లా పాస్‌పోర్టు ఏమిటికి?" అన్నాడట. రైల్వే పాసులో అవ్వ పేరు 'భార్య' అని ఉంటుంది, అంతే. ఆమె ఎవరు అని ముప్పయి ఏడేళ్లలో ఏ టీటీ అడగలేదు. నా కోసం అనంతపురం పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రానికి పోయినప్పుడే మొదటిసారి ఆ ప్రశ్న పుట్టింది. ఆధార్‌లో పేరు చివర 'అమ్మ' ఉంది, రేషన్‌కార్డులో లేదు. ఓటరు కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో మొగుడి ఇంటిపేరు. దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఇంకో గడి. మనవాళ్లేమో ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, చుక్క పెట్టి బతికేస్తారు. ఆ చుక్కను విప్పించడానికి అవ్వ మూడుసార్లు అనంతపురం పోయొచ్చింది. ఇంటికి విచారణకు వచ్చిన కానిస్టేబులు మజ్జిగ తాగి, "ఎన్నేళ్లుగా ఉంటాండావమ్మా ఈడ?" అని అడిగితే, "నేను వచ్చినప్పుడు ఈ యీదిలో దీపాలు గూడా లేవు నాయనా" అంది. అది ఏ గడిలో రాసుకున్నాడో తెలీదు.

ఇంతకీ పోవలసింది మారిషస్‌కు. కొడుక్కి అక్కడ ఉద్యోగం. వీసా అక్కర్లేదు అని ఫోనులో చెప్పాడు. ఆ మాట విని తాత వీధంతా చెప్పుకొచ్చాడు, బెంగళూరు పోయినట్టే పోవచ్చని. వీసా అక్కర్లేదు అంటే ఏమీ అక్కర్లేదని కాదు. మన దేశం వాళ్లు ముందుగా వీసా తెచ్చుకోనక్కరలేదు, చూడ్డానికి పోయేవాళ్లకు అక్కడ దిగాక 60 రోజుల వరకు ఉచితంగానే ఇస్తారు, నిజమే. కానీ ఆ దిగిన చోట నిలబెట్టి నాలుగు అడుగుతారు. తిరిగి పోయే టికెట్ ఏది? ఉండేది ఎక్కడ? చేతిలో డబ్బెంత? పాస్‌పోర్టుకు గడువు ఉందా? చివరిదానికి మాత్రం నేను గుండె మీద చెయ్యేసుకుని జవాబు చెప్పగలను, నాకు పదేళ్ల ఆయుష్షు.

డబ్బు దగ్గర తాత ఠారెత్తిపోయాడు. మనిషికి రోజుకు 100 డాలర్లకు తగ్గకుండా చూపించాలి. ఇద్దరు మనుషులు, ఇరవై రోజులు, డాలరు ధర వేసి కరెంటు బిల్లు వెనక లెక్క కట్టాడు. మూడు లక్షలు దాటింది. "సూపిచ్చాలంటే సూపిచ్చి మళ్లా తెచ్చుకుంటామా, ఆడ్నే ఇచ్చేసి రావాల్నా?" అని అవ్వ అడిగింది. నాకు అది చాలా తెలివైన ప్రశ్న అనిపించింది. మా ఇంట్లోనే ఉంటారు, ఖర్చు నాదే అని కొడుకు ఉత్తరం రాసి పంపాక, దానికి బ్యాంకు కాగితాలు జతచేశాక గానీ తాతకు నిద్ర పట్టలేదు.

ఆ పైన ఒక ఫారం. మారిషస్ పోయేవాళ్లు ప్రయాణానికి ముందే ఇంటర్నెట్‌లో నింపాలి. విమానం నెంబరు, ఉండే చిరునామా, ఆరోగ్యం వివరాలు అన్నీ అందులో ఉంటాయి. అది ఉచితం. ఆ సంగతి మా వాళ్లకు తెలిసేసరికి ఊళ్లో ఒక నెట్ సెంటరువాడు తలకు ఐదొందల చొప్పున గుంజేశాడు. ఫారంలో వృత్తి అనే చోట వాడు ఏమీ అడక్కుండానే 'గృహిణి' అని కొట్టాడు. రెండు బర్రెలు, వాటి పాల లెక్క, చెనక్కాయల పొలం గుత్త వ్యవహారం అన్నీ అవ్వే చూస్తుంది.

చెనక్కాయలంటే గుర్తొచ్చింది. మూట కట్టేటప్పుడు ఊరుబిండీ, పొడులూ పోగా, అవ్వ దోసెడు విత్తనం కాయలు గుడ్డలో ముడేసి పెట్టింది. "ఆడ వాన బాగా పడుతాదంట. పెరట్లో నాలుగు గింజలు ఏస్తే ఏమి?" అని. కొడుకు ఫోనులోనే కేకలేశాడు. ముందుగా అనుమతి తీసుకోకుండా విత్తనం, మొక్క ఏదీ ఆ దీవిలోకి తేకూడదు. ఆ ముడి విప్పేటప్పుడు అవ్వ మొహం చూడాల్సింది. అనంతపురం జిల్లాలో విత్తనాన్ని ఎప్పుడూ వానే అడ్డుకుంటుంది, కాగితం అడ్డుకోవడం ఆమె ఎరగదు.

బయల్దేరే ముందు నన్ను కసాపురం తీసుకుపోయి నెట్టికంటి ఆంజనేయస్వామి ముందు పెట్టారు. సముద్రం దాటి దీవికి పోయినవాళ్లలో ఆయనే మొదటివాడు కదా. ఆయనకూ ఊరి వాకిట లంకిణి అడ్డం నిలబడి ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అనే అడిగింది. ఆయన దగ్గర రాముడి ఉంగరమనే ఆనవాలు ఉన్నా, దాన్ని సీతమ్మకే దాచుకుని లంకిణికి ఎడమచేతి పిడికిలి చూపించాడు. మావాళ్లకు ఆ సదుపాయం లేదు. అర్చకుడు కుంకుమ బొట్టు నా అట్ట మీదే పెట్టబోతే తాత గబుక్కున ప్లాస్టిక్ తొడుగు అడ్డం పెట్టాడు. ఆ క్షణంలో ఆయన్ని క్షమించేశాను. మరక పడితే చెడిన పాస్‌పోర్టు అంటారు, అప్పుడు ఏ దేవుడూ కాపాడలేడు.

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబయి, అక్కణ్నుంచి ఆరు గంటల పైచిలుకు విమానం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకుని దిగాము. కౌంటరు దగ్గర తాత ఫైలు విప్పాడు. గూడ్సు గార్డు కాగితాలు ఎలా సర్దుకుంటాడో అలాగే అన్నీ వరసగా ఉన్నాయి. ఆఫీసరు టికెట్ల కాగితం మాత్రం తీసుకుని, తిరుగు ప్రయాణం తేదీ మీద వేలు పెట్టి అవ్వ వైపు చూశాడు. "పోతాము నాయనా, ఇంటికాడ బర్రెలు ఉండాయి" అంది అవ్వ. అతనికి ఏం అర్థమైందో గానీ నవ్వాడు. ఠప్‌మని నా ఒంటి మీద మొదటి పరదేశపు ముద్ర పడింది.

తిరుగు టికెట్ మీద ఆ దేశానికి ఎందుకంత పట్టుదల అని నాకు ఆ రోజు తెలీదు. తర్వాత వారం, పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు పోయినప్పుడు వేరే ఆలోచన వచ్చింది. ఓడ దిగిన కూలీలు ఎక్కిన మెట్లున్నాయి అక్కడ, నల్లరాతివి, పదహారు. 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా నాలుగున్నర లక్షల మంది చెరకు తోటల పనికి ఈ దీవికి వచ్చారు. అందులో మన కోస్తా వాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరింగీలు అన్నారు. ప్రతి మనిషికీ ఒక నెంబరు. పుస్తకంలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఊరు, ఓడ పేరు రాసుకుని చేతికి ఒక టికెట్ ఇచ్చేవారు. 1860ల నాటికి దానికి ఫోటో కూడా వచ్చింది. అది లేకుండా తోట దాటి కనిపిస్తే దేశదిమ్మరి అని జైల్లో వేసేవారు.

అంటే మా ముత్తాత అన్నమాట. నేను మనిషిని పోనివ్వండి అని అడుగుతాను, ఆ కాగితం మాత్రం పోనివ్వకండి అని చెప్పేది. ఇంకొకటి కూడా. మొదట్లో ఒప్పందం ముగిశాక ఊరికి చేర్చే బాధ్యత కూడా ఉండేది, 1850ల్లో ఆ ఉచిత తిరుగు ప్రయాణాన్ని ఎత్తేశారు. తిరుగు టికెట్ లేకుండానే ఉండిపోయిన ఆ మనుషుల మనవల మనవలు ఇప్పుడు ఉగాదికి దేశమంతా సెలవు తీసుకుంటున్నారు, రామభజనలు చేస్తున్నారు. కొడుకు ఇదంతా చెబుతుంటే అవ్వ మెట్లనే చూస్తూ, "పాపం, వాళ్ల ఇండ్లకాడ బర్రెలు ఎవరు సూసుకున్యారో" అంది. తాత ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఇరవయ్యో రోజు ఇంకో ముద్ర వేయించుకుని బయల్దేరాం. ముంబయి నుంచి మళ్లీ అదే రైలు. రాయచూరు దాటాక టీటీ వచ్చి టికెట్ అన్నాడు. తాత బాత్రూంలో ఉన్నాడు, పాసు ఆయన జేబులో ఉంది. అవ్వ తడుముకోకుండా చేతిసంచి విప్పి నన్ను తీసి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి, ముద్ర ఉన్న పేజీ దగ్గర ఆగాడు.

"మారిషస్సా? ఆడ వానలు పడుతాయా అవ్వా?"

"రోజుకు రెండుతూర్లు" అంది అవ్వ. "కుండపోత."